తెలిసినోడే అయినా సరే: ప్రైవేట్ స్కూల్లో సిబ్బందిని చేర్చుకునే ముందు ఏమేం సరిచూసుకోవాలి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే మా స్కూలు ఆఫీసుకు రికమండేషన్లు మొదలవుతాయి. "మా బామ్మర్ది బీఈడీ చేసిండు సార్, ఏదన్నా చూడండి." "మన ఊరాయనే, బస్సు మంచిగ నడుపుతడు." కరస్పాండెంట్ గారు తల ఊపుతారు. జూన్ 12న బడి తెరిచేనాటికి ఆ మనిషి పిల్లల మధ్య ఉంటాడు. నల్లగొండలో ఒక ప్రైవేట్ హైస్కూల్ ఆఫీసులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. మన దగ్గర 'తెలిసినోడే' అన్న మాటే వెరిఫికేషన్. ఆ మాట చెవిన పడ్డాక ఎవరూ కాగితం అడగరు.

నేనూ ఒకసారి సరిగ్గా అడగలేదు. లెక్కల సారు ఒకాయన మంచి అనుభవం ఉన్నట్టు కాగితం తెచ్చాడు. దాని మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే "బంగారం లాంటి సారండీ, వదులుకోలేక వదులుకున్నాం" అన్నారు. మూడో నెలలోనే ఒక పిల్లాడి వీపు మీద వాతలు తేలి, వాళ్ల నాన్న, మేనమామ గేటు దగ్గరికి వచ్చారు. అప్పుడు పాత స్కూలుకు నేరుగా మనిషిని పంపితే తెలిసింది, అక్కడా ఇదే కారణంతో మాన్పించారని. నేను మొదట మాట్లాడిన 'ప్రిన్సిపాల్' ఆయన రూమ్మేటు. ఆ తర్వాత కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. కింద రాసినదంతా అదే. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు చిన్న, మధ్యరకం బళ్లకు సరిపోయేలా రాస్తున్నాను.

చట్టం ఎంత అడుగుతోంది

పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, మేనేజ్‌మెంట్‌కు చూపించడానికి నాలుగు మాటలు చాలు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020 మార్చిలో వచ్చిన నిబంధనల్లో మూడోది సూటిగా చెబుతుంది: పిల్లలతో రోజూ సంబంధం ఉండే ఏ సంస్థ అయినా, బోధన సిబ్బందికైనా బోధనేతర సిబ్బందికైనా, పర్మినెంట్ అయినా కాంట్రాక్ట్ అయినా, పోలీస్ వెరిఫికేషన్, నేపథ్య పరిశీలన ఎప్పటికప్పుడు చేయించాలి. పిల్లల భద్రత మీద సిబ్బందికి శిక్షణ కూడా ఇప్పించాలి. సీబీఎస్‌ఈ బళ్లకైతే 2017 సెప్టెంబరులోనే బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. డ్రైవర్లు, కండక్టర్లు, ప్యూన్ల విషయంలో మరింత జాగ్రత్తగా చేయమని అందులో విడిగా చెప్పింది.

'ఎప్పటికప్పుడు' అంటే ఎన్నేళ్లకోసారో నిబంధనలో లేదు. మేం మూడేళ్లకోసారి పోలీసుల ద్వారా, ఏడాదికోసారి సంతకం చేసిన డిక్లరేషన్ ద్వారా చేస్తున్నాం. డ్రైవర్లకు మాత్రం రెండూ ఏటా.

మొదటి పని: జాబితా

జాబితా అనగానే అందరూ జీతాల రిజిస్టర్ తీస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఒకరోజు ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. లోపలికి వచ్చిన పెద్దవాళ్లందరినీ రాయండి. మేం అలా కూర్చున్న రోజు, రిజిస్టర్‌లో లేని పది మంది తేలారు: శనివారం కరాటే మాస్టారు, వార్షికోత్సవానికి డాన్స్ నేర్పే అబ్బాయి, అద్దె బస్సు డ్రైవరూ అతని క్లీనరూ, వాటర్ క్యాన్ల ఆటో అతను, వాచ్‌మన్ ఇంట్లో ఉండే అతని తమ్ముడు, పై అంతస్తు కడుతున్న మేస్త్రీ, అతని ఇద్దరు కూలీలు, ఇంకా మా కరస్పాండెంట్ గారి కారు డ్రైవరు.

చివరి పేరు రాయడానికి మా వాళ్లు మొహమాటపడ్డారు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద లైంగిక దాడి జరిగినట్టు బయటపడింది. ఆ పని చేసింది టీచరూ కాదు, బస్సు డ్రైవరూ కాదు, ప్రిన్సిపాల్ గారి కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. ఆ సంగతి గుర్తు చేశాక మా కరస్పాండెంట్ గారే ఆ పేరు జాబితాలో మొదట రాయించారు.

జాబితాలో పేర్లను రెండు గుంపులు చేయండి. పిల్లలతో ఒంటరిగా ఉండే అవకాశం ఉన్నవాళ్లు ఒక గుంపు: టీచర్లు, ఆయమ్మలు, డ్రైవరు, క్లీనరు, వార్డెన్, పీఈటీ, ట్యూషన్ చెప్పేవాళ్లు. వీళ్లకు అన్ని మెట్లూ తప్పవు. అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లు రెండో గుంపు: మేస్త్రీ, క్యాన్ల అతను. వీళ్ల గుర్తింపు కార్డు కాపీ, ఫోన్ నంబరు, గేటు రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటే చాలు. కానీ బడి నడిచే వేళల్లో ఎవరో ఒకరు వాళ్ల వెంట ఉండాలి. కరాటే, డాన్స్ వాళ్లు చూడ్డానికి రెండో గుంపులా కనిపిస్తారు గానీ మొదటి గుంపులోకే వస్తారు.

రెండో పని: సమ్మతి కాగితం

ఎవరి గురించీ చాటుగా ఆరా తీయొద్దు. ఇంటర్వ్యూ రోజే కాగితం ముందు పెట్టండి. మేం వాడేది ఇది, కావాలంటే ఇలాగే రాసుకోండి:

"నేను ______, ______ స్కూల్లో ______ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నాను. నా గుర్తింపు, చిరునామా, చదువు, గతంలో చేసిన ఉద్యోగాలు, నా మీద ఉన్న క్రిమినల్ కేసుల వివరాలు సరిచూసుకోవడానికి, పోలీస్ వెరిఫికేషన్ చేయించడానికి ఒప్పుకుంటున్నాను. గత పదేళ్లలో నేను పనిచేసిన స్థలాలన్నీ వెనుక రాశాను. పిల్లలకు సంబంధించిన ఏ ఫిర్యాదు మీదైనా నన్ను ఉద్యోగం నుంచి తీసేయడం గానీ, నా అంతట నేను మానేయడం గానీ జరిగిందా: అవును / లేదు. ఈ వివరాలు ఈ పనికి తప్ప మరి దేనికీ వాడరని నాకు చెప్పారు."

కింద సంతకం, తేదీ. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, చదివి వినిపించినవాళ్లూ సంతకం పెట్టాలి. ఆ 'అవును / లేదు' వరుస చిన్నదే అయినా దాని బలం పెద్దది. కాగితం తీసుకుని "ఇంటికెళ్లి నింపుకొస్తా సార్" అని వెళ్లి మళ్లీ రానివాళ్లు మాకు ఇద్దరున్నారు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని సారం కూడా ఇంతే: చెప్పి తీసుకోవాలి, కావలసినంతే తీసుకోవాలి, భద్రంగా ఉంచాలి. కులం, పెళ్లి ఎప్పుడు, గర్భం ఉందా లాంటివి అడిగే ఫారాలు ఇంకా కొన్ని బళ్లలో తిరుగుతున్నాయి. చించేయండి.

గుర్తింపు, చిరునామా

ఆధార్ జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టడం వెరిఫికేషన్ కాదు. ఒరిజినల్ కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫొటో వస్తాయి, కార్డుతో పోల్చుకోవచ్చు. ఫైల్లో పెట్టుకోవడానికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్ అడగండి. ఆధార్ ఇవ్వనంటే ఓటరు కార్డు, లైసెన్స్, పాస్‌పోర్ట్ ఏదైనా సరే.

చిరునామా దగ్గర మన ప్రాంతానికో ప్రత్యేక చిక్కు ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది. పాత మహబూబ్‌నగర్‌లోంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. పాత కార్డుల మీద మాత్రం ఇంకా పాత జిల్లా పేరే ఉంటుంది. కొల్లాపూర్ మనిషి కార్డు మీద మహబూబ్‌నగర్ అని ఉందని అక్కడి ఎస్పీ ఆఫీసుకు దరఖాస్తు పంపితే అది తిరిగొస్తుంది, నెల పోతుంది. ఫారం నింపేటప్పుడే ఇప్పటి జిల్లా, ఇప్పటి మండలం, ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో ఆ మనిషినే అడిగి రాయండి.

ఇంకొకటి సరిహద్దు. మిర్యాలగూడ, సాగర్ వైపు బళ్లలో మాచర్ల వాళ్లు, కోదాడలో జగ్గయ్యపేట వాళ్లు, అలంపూర్‌లో కర్నూలు వాళ్లు, నారాయణపేట, మక్తల్ వైపు రాయచూరు వాళ్లు పనిచేస్తుంటారు. ఉంటున్న అద్దె ఇల్లు మన దగ్గర కాబట్టి విచారణ ఇక్కడే జరిగి "ఏం లేదు" అని వస్తుంది. ఆరు నెలల కింద వచ్చిన మనిషి గురించి ఇక్కడి స్టేషన్‌కు ఏం తెలుస్తుంది? పుట్టి పెరిగిన చోటు నుంచి, గత ఐదేళ్లు ఉన్న చోటు నుంచి కూడా తెప్పించమనండి.

సర్టిఫికెట్లు: తేదీలే సాక్ష్యం చెబుతాయి

దొంగ సర్టిఫికెట్‌ను కాగితం నాణ్యత చూసి పట్టలేం, ఇప్పుడు ప్రింటింగ్ అంత బాగా వచ్చింది. తేదీలు చూసి పట్టొచ్చు. నేను మొదట చూసేవి ఇవే.

నల్లగొండలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ వచ్చింది 2007లో. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో. అంతకుముందు ఈ జిల్లాల్లో డిగ్రీ చదివినవాళ్ల పట్టా మామూలుగా ఉస్మానియాది. 2004లో ఎంజీయూ నుంచి బీఎస్సీ అని ఎవరైనా మెమో చూపిస్తే, టీ తాగించి పంపించేయడమే.

రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్ 2న. అంతకుముందు పదో తరగతి మెమో మీద ఆంధ్రప్రదేశ్ బోర్డు పేరే ఉండాలి. తెలంగాణ పేరుతో మొదటి టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) 2016లో జరిగింది. 'తెలంగాణ టెట్ 2015' అని ఉంటే అడగాల్సింది చాలా ఉంది.

బీఈడీ 2015–16 విద్యాసంవత్సరం నుంచి రెండేళ్ల కోర్సు. 2018లో చేరి 2019లో పాసయ్యానంటే ఎలా? పైగా ఆ రెండేళ్లలోనే ఇంకో ఊళ్లో ఫుల్‌టైమ్ టీచర్‌గా చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉంటుంది. రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం. అన్ని కాగితాలనూ ఏళ్ల వారీగా ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకుంటే ఇలాంటివి వాటంతట అవే బయటపడతాయి. పావుగంట పని.

తేదీలు సరిపోయాక అసలు చోట సరిచూడాలి. డిజిలాకర్‌లో ఉంటే మన ఎదురుగానే ఫోన్‌లో తెరిచి చూపించమనండి. పంపిన పీడీఎఫ్ కాదు, తెరిచి చూపించడమే ముఖ్యం. 2010 తర్వాతి డిగ్రీలకు రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2022లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ధ్రువీకరణ సేవ ఉంది. అంతకన్నా పాతవాటికి యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఫీజు కట్టి రాయాలి. ఇతర రాష్ట్రాల దూరవిద్య డిగ్రీలైతే, యూజీసీ ప్రకటించే నకిలీ యూనివర్సిటీల జాబితా ముందు చూడండి.

టెట్ గురించి ఒక మాట. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు చెప్పేవారికి టెట్ అర్హత కావాలని టీచర్ల చదువు చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2010లోనే చెప్పింది. పేపర్ 1 ఐదో తరగతి వరకు, పేపర్ 2 ఆరు నుంచి ఎనిమిది వరకు. 150 మార్కులకు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 రావాలి. మన దగ్గర చాలా ప్రైవేట్ బళ్లు టెట్ ఊసే ఎత్తవు, అది వేరే సంగతి. కానీ మెమో చూపించినప్పుడు మాత్రం హాల్ టికెట్ నంబరుతో సరిచూడండి.

సరిచూశాక ఒరిజినల్స్ వెంటనే తిరిగిచ్చేయండి. "మధ్యలో మానేస్తారని" ఒరిజినల్స్ బీరువాలో దాచుకునే అలవాటు మన బళ్లలో బాగా ఉంది. అలా దాచుకునే బడిలో చేరడానికి మంచి టీచర్లు వెనకాడతారు. ఎక్కడా దొరకనివాళ్లే వస్తారు.

పాత స్కూలుకు ఫోన్

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చే మెట్టు ఇదే, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. పోలీస్ రికార్డులోకి ఎక్కేది వందలో ఏదో ఒకటి. మిగతాదంతా పాత స్కూలు వాళ్ల మనసులో ఉంటుంది.

మొదటి నియమం: సర్టిఫికెట్ మీద ఉన్న నంబరుకు చేయొద్దు. నంబరు మీరే వెతకండి. బోర్డు మీదిది, బస్సు వెనకాల రాసింది, లేదంటే ఆ మండలంలో మీకు తెలిసిన ఇంకో స్కూలు ద్వారా. దగ్గరి ఊరైతే మనిషినే పంపండి, దేవరకొండకో కల్వకుర్తికో బస్సు చార్జీ ఎంతని.

చివరగా చేసిన ఒక్క స్కూలు చాలదు, గత రెండు మూడు అడగాలి. ఇప్పుడున్న స్కూల్లో కష్టపెట్టే మనిషిని వదిలించుకోవడానికి వాళ్లే పొగిడి పంపిస్తారు. ఆ ముందు స్కూలుకు ఆ అవసరం లేదు.

"ఎలాంటి మనిషి?" అని అడిగితే "మంచోడే" అని వస్తుంది. అది ప్రశ్న కాదు, జవాబూ కాదు. నేను అడిగేవి ఇవి: ఏ నెలలో చేరారు, ఏ నెలలో మానేశారు? సంవత్సరం మధ్యలో మానేస్తే ఎందుకు? ఏ తరగతులు చెప్పారు? కొట్టారని, తిట్టారని తల్లిదండ్రులెవరైనా వచ్చారా? పిల్లలకు ఫోన్ చేయడం, మెసేజ్ పెట్టడం, విడిగా ఇంటికి పిలవడం లాంటివి ఎప్పుడైనా మందలించాల్సి వచ్చిందా? చివరి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "రేపు మీ దగ్గర ఖాళీ ఉంటే మళ్లీ తీసుకుంటారా?"

ఆ చివరి ప్రశ్న తర్వాత మాట్లాడకుండా ఊరుకోండి. వెంటనే "తప్పకుండా" అంటే ఒక లెక్క. మూడు సెకన్లు ఆగి "ఆఁ... తీసుకోవచ్చు సార్" అంటే ఇంకో లెక్క. ఆ ఆగడాన్ని కూడా నేను కాగితం మీద రాస్తాను. ఎవరితో మాట్లాడాను, ఏ తేదీ, ఎన్ని గంటలకు, వాళ్లేమన్నారు, అన్నీ.

అనుభవం నిజమేనా అన్నదానికి పీఎఫ్ పాస్‌బుక్ మంచి ఆధారం, పాత యజమానుల పేర్లు, నెలలు అందులో ఉంటాయి. కానీ మండల కేంద్రాల్లో జీతం కవర్లో పెట్టి ఇచ్చే బళ్లే ఎక్కువ కాబట్టి పీఎఫ్ లేదని అనుమానించొద్దు. అప్పటి తోటి టీచర్ ఒకరి పేరు అడగండి.

కోర్టు రికార్డు మీరే చూడొచ్చు

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో, యాప్‌లో కేసుల వివరాలు ఉచితంగా చూడొచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ప్రాంగణం ఎంచుకుని, పేరు, సంవత్సరం ఇచ్చి, నడుస్తున్నవి, ముగిసినవి రెండూ వెతకాలి. ఒక్కో సంవత్సరం, ఒక్కో కోర్టు విడిగా చూడాలి కాబట్టి ఓపిక కావాలి. నల్లగొండ చూసి ఆపేస్తే మిర్యాలగూడ, దేవరకొండ మిగిలిపోతాయి.

అసలు ఇబ్బంది పేర్లది. 'శ్రీనివాస్' ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, పైగా మన జిల్లాలో ఎంతమంది శ్రీనివాసులు! ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తే తప్ప అది మన మనిషి కేసు అనుకోవద్దు. అనుమానం ఉంటే నేరుగా పిలిచి అడగండి. నేను ఒకసారి పేరు చూసి గాభరాపడ్డాను. తీరా అది వాళ్ల పెదనాన్న కొడుకుది, భూమి పంచాయితీ.

పోలీస్ వెరిఫికేషన్

"ఈ-కోర్ట్స్ చూశాం కదా, పోలీసులెందుకు?" అని అడుగుతారు. లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్ల జాతీయ డేటాబేస్ 2018 సెప్టెంబరులో మొదలైంది. అది పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలవు. మనం గానీ, డబ్బు తీసుకుని రిపోర్టు ఇచ్చే ఏ ప్రైవేట్ ఏజెన్సీ గానీ చూడలేం. కాబట్టి ఏజెన్సీ రిపోర్టు ఎంత దళసరిగా ఉన్నా పోలీస్ వెరిఫికేషన్‌కు బదులు కాదు.

రెండు దారులున్నాయి. ఒకటి, అభ్యర్థే తెలంగాణ పోలీసులకు దరఖాస్తు చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ విదేశాలకు వెళ్లేవాళ్లకు, అది వేరు. ఉద్యోగం కోసం అని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. రెండో దారి, స్కూలే తన లెటర్‌హెడ్ మీద సిబ్బంది జాబితాతో జిల్లా ఎస్పీ ఆఫీసుకో స్థానిక స్టేషన్‌కో రాయడం. కొత్తగా చేరేవాళ్లకు మొదటిది, ఇప్పటికే ఉన్నవాళ్లందరికీ ఒకేసారి చేయించాలంటే రెండోది తేలిక.

జాబితా పంపేటప్పుడు ఒక్కొక్కరికీ ఇవి జతచేయండి: ఫొటో, గుర్తింపు కాపీ, ఇప్పటి చిరునామా, సొంతూరి చిరునామా, తండ్రి లేదా భర్త పేరు, ఫోన్ నంబరు, సమ్మతి కాగితం కాపీ. లెటర్‌లో పోక్సో నిబంధనల సంగతి ఒక వాక్యం రాస్తే ఎందుకు అడుగుతున్నారన్న ప్రశ్న రాదు. ఇచ్చినప్పుడు మన కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు.

విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వస్తారని సిబ్బందికి ముందే చెప్పండి. చెప్పకపోతే పెద్ద టెన్షన్. మా ఆయమ్మ ఒకామె ఇంటికి పోలీస్ వస్తే వాడకట్టు అంతా గుమిగూడింది. ఆమె ఏడ్చుకుంటూ "నేనేం తప్పు చేసిన సార్" అని ఆఫీసుకొచ్చింది. అప్పటినుంచి జాబితాలో కరస్పాండెంట్ పేరూ నా పేరూ మొదట పెట్టి, దాన్ని నోటీసు బోర్డు మీద అంటిస్తున్నాం. పెద్ద సారుకూ ఇదే అంటే ఎవరికీ నామోషీ ఉండదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏప్రిల్‌లో. ఎన్నికలో జాతరో బందోబస్తో వచ్చిందంటే స్టేషన్‌లో మన ఫైలు అడుగుకు పోతుంది. జూన్‌కల్లా రాకపోతే ఆ మనిషిని తీసుకోవచ్చు గానీ, ఆర్డర్‌లో 'వెరిఫికేషన్‌కు లోబడి' అని రాసి, అది వచ్చేదాకా పిల్లలతో ఒంటరిగా ఉండే పని ఇవ్వొద్దు. హాస్టల్ వార్డెన్‌కు మాత్రం ఈ సడలింపు లేదు. కాగితం రానిదే తాళాలు ఇవ్వం.

డ్రైవరు, క్లీనరు

లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీతో పరివాహన్ సైట్‌లో చూస్తే ఏ తరగతి బండికి లైసెన్స్ ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది తెలుస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకు ప్రత్యేకంగా చెల్లుబాటు ఉందో లేదో చూడాలి. కారు లైసెన్స్‌తో బస్సు ఎక్కేవాళ్లు తక్కువేం కాదు. తాగి నడిపిన కేసు ఒక్కటి ఉన్నా నేను వద్దనే అంటాను. ఏటా మే నెలలో బస్సుల్ని ఫిట్‌నెస్‌కు ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్తాం కదా, ఆ వారంలోనే డ్రైవర్లకు కంటి పరీక్ష కూడా చేయిస్తే ఒక పని అయిపోతుంది.

అసలు ప్రమాదం బదిలీ డ్రైవరుతో, అంటే రోజూ వచ్చేవాడి బదులు వచ్చేవాడితో. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొట్టి పసిపిల్లలు చనిపోయిన రోజు, బస్సు నడిపింది రెగ్యులర్ డ్రైవరు కాదు. "ఇయ్యాల నాకు పెండ్లి ఉంది, మా తమ్ముడు వస్తడు" అని పొద్దున ఆరున్నరకు ఫోన్ వచ్చినప్పుడు కాదనాలంటే చేతిలో ఇంకో మనిషి ఉండాలి. అందుకే ఇద్దరు ముగ్గురు బదిలీ డ్రైవర్లకు కూడా ఎండాకాలంలోనే అన్ని కాగితాలూ పూర్తి చేసి పెట్టుకోండి.

ఆయమ్మ, వాచ్‌మన్, వంటవాళ్లు

వీళ్లకు మెమోలుండవు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లుండవు. అలాగని వదిలేయకూడదు, అవమానించకూడదు. ఇంతకుముందు పనిచేసిన ఇల్లో హోటలో స్కూలో, ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. ఊరి పంచాయతీ కార్యదర్శిని, అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే మనిషి గురించి తెలుస్తుంది. కానీ 'ఆ వాడకట్టు వాళ్లు ఇట్ల', 'మొగుడు వదిలేసింది' లాంటి మాటలు వినిపిస్తే అవి ఫైల్లోకి రానివ్వొద్దు. వాచ్‌మన్ కుటుంబంతో ఉంటే ఆ గదిలో ఉండే పెద్దవాళ్లందరి వివరాలూ కావాలి. వంటవాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేయించాలని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది.

కేసు ఉందని తేలితే

ఇక్కడ తొందరపడొద్దు. కేసు ఉండటం వేరు, శిక్ష పడటం వేరు. ఇంకా ముఖ్యమైనది, ఆ కేసుకూ పిల్లల దగ్గర పనికీ సంబంధం ఉందా అన్నది. మన వైపు ముప్పై అయిదు, నలభై ఏళ్ల టీచర్లలో తెలంగాణ ఉద్యమం కేసులున్నవాళ్లు దొరుకుతారు. రైల్ రోకోలోనో రాస్తారోకోలోనో పేరెక్కింది. గట్టు తగాదా, అన్నదమ్ముల భూమి గొడవ కేసులు ఊరికి పది ఉంటాయి. ఇలాంటివి చూసి మంచి టీచర్‌ను వదులుకుంటే నష్టం బడికే.

పోక్సో, ఆడవాళ్ల మీద నేరాలు, మత్తు పదార్థాలు, పిల్లల్ని గాయపరచడం, ఈ నాలుగింట్లో ఏది ఉన్నా, కేసు ఇంకా నడుస్తున్నా సరే, తీర్పు వచ్చేదాకా పిల్లల దగ్గర పని ఇవ్వం. డబ్బు మోసం కేసు ఉంటే ఫీజుల కౌంటర్ ఇవ్వం. మిగతావాటిలో ఆ మనిషిని పిలిచి, ఎఫ్‌ఐఆర్ కాపీ తెమ్మని, చెప్పేది విని ముగ్గురం కూర్చుని నిర్ణయిస్తాం: ప్రిన్సిపాల్, నేను, తల్లిదండ్రుల తరఫున ఒకరు. ఆ మూడో మనిషికి పేరు చెప్పం, విషయం మాత్రమే చెబుతాం. ఎందుకు తీసుకున్నాం, ఎందుకు వద్దనుకున్నాం రెండు వాక్యాలైనా రాసి సంతకాలు పెడతాం.

కేసు ఉన్నా ముందే రాసిచ్చినవాళ్లకూ దాచినవాళ్లకూ తేడా చూపిస్తాం. డిక్లరేషన్‌లో 'లేదు' అని రాసి తర్వాత బయటపడితే, చిన్న కేసైనా మేం ఒప్పుకోం.

ఫైలు, ఆ తర్వాత

ఒక్కొక్కరికీ ఒక ఫైలు, పైన ఒక చెక్ స్లిప్: ఏ మెట్టు ఏ తేదీన ఎవరు పూర్తి చేశారు. బీరువా తాళం ప్రిన్సిపాల్ దగ్గర ఒకటి, ఆఫీసులో ఒకటి, అంతే. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి ఆధార్ ఫొటో తిరగకూడదు. ఎంపిక కానివాళ్ల కాగితాలు వాళ్లకే తిరిగిచ్చేయండి.

ఇంత చేసినా రికార్డు శుభ్రంగా ఉన్న మనిషే రేపు తప్పు చేయొచ్చు. అందుకే తలుపులకు అద్దం, బస్సులో ఆయమ్మ, టీచర్లు పిల్లలతో విడిగా మెసేజ్‌లు పెట్టకూడదన్న నియమం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి తరగతి గోడ మీద. ఏదైనా జరిగినట్టు తెలిస్తే 'మనం లోపల మాట్లాడుకుందాం' అన్న మాటే వద్దు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాళ్ల విషయం దాచిన సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా పడొచ్చు.

మనిషి మానేసి వెళ్లేటప్పుడు చేయాల్సిన పని కూడా ఒకటుంది. గొడవ ఎందుకులే అని 'వీరి నడవడిక సంతృప్తికరం' అని రాసి పంపించేస్తారు. ఆ కాగితమే పట్టుకుని ఆయన పక్క మండలంలో ఇంకో బడి ఎక్కుతాడు. మా లెక్కల సారు దగ్గర ఉన్న కాగితాల్లో ఒకటి నిజంగా అసలుదే, అలా రాసిచ్చిందే. ఇప్పుడు మేం సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన తరగతులు మాత్రమే రాస్తున్నాం. నిజంగా బాగా చేసినవాళ్లకు విడిగా ఉత్తరం ఇస్తాం. ఎవరి మీదైనా పిల్లల విషయంలో ఫిర్యాదు వచ్చి ఉంటే, అది ఏ తేదీన వచ్చింది, మేం ఏం చేశాం అన్నది ఫైల్లో ఉంటుంది. ఇంకో స్కూలు నుంచి ఫోన్ వస్తే "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి" అని ఫైలు తెచ్చుకుని, అందులో ఉన్నదే చదివి చెబుతాను.